పొట్టి గుమ్మం కేసు

ఒక పెద్ద అడవిలో సగం ప్రాణులు వానకు తడుస్తుంటే, మిగతా సగం ఆ తడిసినవాళ్ళ అర్జీలు రాసుకుంటూ కాలక్షేపం చేసేవి. ఆ అడవి నడిమధ్య ఒక గుట్ట ఉండేది. గుట్ట వాలులో వానసభ. సగం తవ్వింది, సగం కట్టింది. మట్టి గోడలు, టేకాకుల కప్పు, గాలికి చిల్లులు, ముందు ఒకే ఒక్క గుమ్మం.

గుమ్మమంటే రెండు బండరాళ్ళు నిలబెట్టి పైన ఒక పలకరాయి పరిచినది. పొట్టిది. కుందేలైతే చెవులు నిక్కబొడుచుకుని దర్జాగా నడిచిపోవచ్చు. చిరుత మాత్రం గడ్డం నేలకు రాసుకుంటూ దూరాలి.

దాన్ని కట్టింది సూదమ్మ అనే ముళ్ళపంది. పాతిక వానాకాలాల కిందటి మాట.

అంతకుముందు సభ ఆరుబయటే జరిగేది. ఒకసారి నీటిమడుగు వంతుల మీద చర్చ మంచి జోరుగా సాగుతుండగా జింకపిల్ల ఒకటి కనిపించకుండా పోయింది. సభ పుస్తకంలో "ఒక సభ్యురాలు చర్చ మధ్యలో నిష్క్రమించారు" అని రాసి, తర్వాతి అంశానికి వెళ్ళారు. ఆ మర్నాడే సూదమ్మ గుట్ట తవ్వడం మొదలుపెట్టింది.

వంగినవాడు దూకలేడు. ఆమె లెక్కంతా అదే. పెద్దలు ముందు రావాలి, లోపలి గోడవారన పీఠాల మీద కూర్చోవాలి. చిన్నవాళ్ళు తర్వాత వచ్చి గుమ్మం దగ్గర కూర్చోవాలి. దానికి "పెద్దలకు మర్యాద" అని పేరు పెట్టింది. పెద్దలు మురిసిపోయారు. గుమ్మం ఇంత పొట్టిదేమని అప్పటి అధ్యక్షుడు పెద్దపులి అడిగితే, "అందం కోసమండీ" అంది. పుస్తకంలోనూ అలాగే రాశారు. అసలు సంగతి పులి మొహం మీద ఎవరు చెబుతారు?

ఏటా వాగు పొంగే నలభై రోజులూ బొరియల్లో ఉండేవాళ్ళంతా పిల్లాజెల్లాతో ఆ కప్పు కిందే తలదాచుకునేవారు. సభ జరిగే రోజున చిరుతలూ తోడేళ్ళూ వంగి వచ్చి, మాట్లాడి, వంగి వెళ్ళిపోయేవి. ఈ పాతికేళ్ళలో చర్చ మధ్యలో నిష్క్రమించిన సభ్యులు ఒక్కరూ లేరు.

సూదమ్మకు ఇప్పుడు వయసు మీద పడింది. ముళ్ళు రాలుతున్నాయి. ముళ్ళు రాలినందుకు బాధ లేదు. మతి రాలుతోందేమోనని బెంగ. అందుకే పొద్దున్నే లేచి, మొహమైనా కడుక్కోకుండా, గుర్తున్నవన్నీ ఒకసారి చెప్పుకునేది.

"మా అమ్మ పేరు బూరుగమ్మ. మా బొరియకి రెండు దార్లు. సభకి గాలిచిల్లులు పదకొండు. కప్పు వాలు ఉత్తరానికి. గుమ్మం పొట్టి, వంగినవాడు దూకలేడు."

ఒక్కోరోజు గాలిచిల్లులు తొమ్మిదయ్యేవి. వెంటనే పక్క బొరియలో ఉండే కుందేలు మాణిక్యాన్ని కేకేసేది.

"వెళ్ళి చిల్లులెన్నో చూసి రావే."

మాణిక్యం ఎనిమిదిమంది పిల్లల తల్లి. దానికి చెయ్యి ఖాళీ ఉండదు, నోరు అసలే ఖాళీ ఉండదు. అయినా పోయి చూసొచ్చేది. "పదకొండే అత్తా! చిల్లుల్ని ఎవరెత్తుకుపోతారు?"

అప్పుడు గానీ సూదమ్మకు ముద్ద దిగేది కాదు.

ఆ ఏడు అడవికి అధ్యక్షుడు చుక్కల రాయుడనే చిరుత. మంచివాడే, ఆకలి లేనప్పుడు. కొత్తగా నెమలీకల తలపాగా ఒకటి చేయించుకున్నాడు. గుమ్మం దాటిన ప్రతిసారీ పలకరాయి తగిలి అది కింద పడేది. సరే, అదైనా ఓర్చుకున్నాడు. కానీ ఒకనాడు పక్కడవి అధ్యక్షుడు విందుకొచ్చి, రాయుడు గడ్డాన మట్టితో సభలోంచి వెలికి రావడం చూశాడు.

"మీ అడవిలో అధ్యక్షులు పాకుతూ వస్తారా అన్నయ్యా? మా దగ్గర పిల్లలు పాకుతారు," అన్నాడు.

రాయుడు ఆ పూట భోజనం ముట్టలేదు. ఆ కారణాన అడవిలో ఇద్దరు ముగ్గురు బతికిపోయారు.

మర్నాడు కొంగ సెక్రటరీని పిలిపించాడు. కొంగ ఎన్నో ఏళ్ళుగా ఆ పదవిలో ఉంది. అధ్యక్షులు మారతారు, కొంగ మారదు.

"ఆ గుమ్మం ఎత్తు పెంచాలయ్యా."

"తప్పకుండానండీ. ఏనుగుల సౌకర్యార్థం అని రాద్దాం."

"మన అడవిలో ఏనుగులేవీ?"

"గుమ్మం చాలకే రావడం లేదని రాద్దామండీ." కొంగ గొంతు తగ్గించింది. "చిన్న చిక్కొకటి ఉంది. పాత నిబంధన. పూర్తయిన కట్టడాన్ని మార్చాలంటే కట్టినవాళ్ళ ఒప్పుదల కావాలి. వాళ్ళ కీర్తికి భంగం కలిగే మార్పు చెయ్యకూడదు."

"కట్టిందెవరు?"

"శిలాఫలకం మీద ప్రారంభించిన పులిగారి పేరుంది, ముహూర్తం పెట్టిన గుడ్లగూబగారి పేరుంది, ఆ రోజు వడ్డించిన కోతిగారి పేరు కూడా ఉంది. కట్టినవాళ్ళ పేరు లేదండీ. అందరికీ తెలుసులే అని రాసుండరు."

తెలిసినవాళ్ళని అడిగి, రెండు కట్టల దుంపలు పట్టుకుని కొంగ సూదమ్మ బొరియకు వెళ్ళింది.

"సూదమ్మగారూ, మీ గుమ్మానికి మహర్దశ పట్టిందండీ. ఎత్తు పెంచుతున్నాం."

"ఎందుకు నాయనా?"

"ఏనుగులకి."

"ఏవీ?"

"వస్తాయండీ."

"వచ్చాక రండి, అప్పుడు చూద్దాం. కూర్చో. చేపలు తిన్నావా?"

తిన్నానంది కొంగ. కాసేపయ్యాక సూదమ్మ మళ్ళీ అడిగింది, చేపలు తిన్నావా అని. వెళ్ళేముందు బొరియ వాకిట్లో నిలబెట్టి ఇంకోసారి అడిగింది. కొంగ మొహం వెలిగిపోయింది. తిన్నగా రాయుడి దగ్గరికి ఎగిరింది.

"ఆవిడ ఒప్పుకోలేదు. ఫరవాలేదండీ. మార్పు వల్ల నష్టమేమిటో కట్టినావిడే స్వయంగా చెప్పాలని నిబంధన. ఇంకెవరు చెప్పినా చెల్లదు. ఆవిడకి మతిమరుపు. నాలుగు వాయిదాలు వేయిస్తే చాలు, చెప్పడానికి ఆవిడ దగ్గరేమీ మిగలదు."

అలా కేసు అడవిదున్న జడ్జిగారి ముందుకొచ్చింది. జడ్జిగారు ఏది విన్నా వెంటనే నమ్మరు. మింగి, మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని, నెమరేసి గానీ తేల్చరు. సూదమ్మ తరఫున చిలుక ప్లీడరు నిలబడింది. దానికి అడవి చట్టాలన్నీ కంఠతా వచ్చు. అర్థమేమిటని అడిగితే మళ్ళీ మొదటినుంచి చెప్పేది.

మొదటి విచారణలో సూదమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"గుమ్మం ఎత్తు పెంచితే బొరియలవాళ్ళ మెడలకి మోసమండీ. వంగినవాడు దూకలేడు. అందుకని పొట్టిగా కట్టాను."

రాయుడు నొచ్చుకున్నట్టు చుట్టూ చూశాడు. "నన్నేనా అంటోంది?"

జడ్జిగారు నెమరు ఆపారు. "ప్లీడరుగారూ, కుందేళ్ళు ఈ కేసులో కక్షిదారులా?"

"కాదండీ."

"గుమ్మం కుందేళ్ళు కట్టాయా?"

"లేదండీ."

"మరి వాటి మెడల సంగతి ఇక్కడెందుకు? నిబంధన ఉన్నది కట్టినవారి కీర్తి గురించి. అమ్మా, ఎత్తు పెంచితే మీ కీర్తికి కలిగే భంగమేమిటి?"

సూదమ్మ నవ్వింది. "నాకు కీర్తేమిటి బాబూ? ఇందాకటి దాకా నేనెవరో మీకే తెలీదు కదా."

"రాసుకోండి," అన్నారు జడ్జిగారు. "కీర్తి లేదని కక్షిదారు ఒప్పుకున్నారు."

"వాయిదా! వాయిదా!" అని అరిచింది చిలుక. చట్టాల్లో అది దానికి బాగా అర్థమైన మాట. కొంగ కూడా సంతోషంగా తలూపింది. అలా కేసు నిలిచింది.

బయటికొచ్చాక చిలుక రెక్కలు కొట్టుకుంది. "ఏమిటమ్మా ఇది! ప్రాణాల ఊసెత్తితే కేసు పోతుంది. ఇక్కడ చెల్లేది గర్వం ఒక్కటే. గర్వం చూపించండి."

"మా అత్తకి గర్వమా?" అంది మాణిక్యం. "ఎక్కణ్ణించి తెచ్చేది?"

"లేకపోతే నేర్పండి."

ఆ రోజునుంచి మాణిక్యం పొద్దునా సాయంత్రం సూదమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని గర్వం నేర్పింది.

"చెప్పత్తా. నేను మహాశిల్పిని."

"ఛీ, ఎవరన్నా వింటే నవ్వుతారే."

"నవ్వితే నవ్వనీ. నా పిల్లలు ఎనిమిదిమంది. నువ్వు సిగ్గుపడితే ఎందరు మిగులుతారో నాకు తెలీదు. చెప్పు."

"నేను మహాశిల్పిని. ఆ గుమ్మం పొట్టిదనమే దాని అందం. ఒక్క వేలెడు పెంచినా నా కీర్తి మట్టిలో కలుస్తుంది."

"తల దించుకుని చెబుతావేం? పైకెత్తు. ముళ్ళు కాస్త విప్పు. ఆఁ, ఇప్పుడు చూడు, నిన్ను చూస్తే నాకే మండుతోంది. అలా ఉండాలి."

వాయిదాలు పడుతూ వచ్చాయి. ఒకసారి జడ్జిగారి నెమరు పూర్తి కాలేదు. ఒకసారి కొంగ కాగితాలున్న కాలు మడిచి ఉంది, దించడానికి ఆ రోజు వీలు పడలేదు. ఒకసారి ఎవరూ రాలేదు, ఎందుకు రాలేదో కనుక్కోవడానికి ఇంకో తారీఖు వేశారు. శీతాకాలం పోయింది, ఎండాకాలం నడుస్తోంది.

వాయిదా వాయిదాకీ సూదమ్మ పాఠం గట్టిపడింది. నిద్రలో లేపి అడిగినా మహాశిల్పినని చెప్పేది. కానీ ఆమె లోపలొకటి మొదలైంది. పొద్దున లెక్కలో గుమ్మం దగ్గరికొచ్చేసరికి "నా కీర్తి" అని నోటికొచ్చేది. వంగినవాడు ఏం చెయ్యలేడో కాసేపు వెతుక్కోవాల్సి వచ్చేది. దొరికేది, కానీ చీకట్లో చెప్పు దొరికినట్టు, తడిమి తడిమి. గాలిచిల్లుల లెక్క ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలీదు. కేసులో వాటితో పనిలేదు కదా.

"మాణిక్యం, ఆ పొట్టిదనం ఎందుకో నువ్వన్నా గుర్తు పెట్టుకోవే."

"మాకెందుకు గుర్తుండదత్తా, మెడలు మావి. కానీ మేం చెబితే కోర్టు వినదుగా. నువ్వు పాఠం చదువుకో."

ఆఖరి విచారణ రోజున కొంగే ముందుకొచ్చి, చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా అడిగింది. "అమ్మా, గుమ్మం ఎత్తు కాస్త పెంచితే మీకొచ్చే నష్టమేమిటి?"

సూదమ్మ మాట్లాడలేదు. ఎంతసేపటికీ మాట్లాడలేదు. మాణిక్యం చెవులు రెండూ వాలిపోయాయి. కొంగ జడ్జిగారి వైపు తిరిగి చిరునవ్వు నవ్వింది.

అప్పుడు ముళ్ళపంది ముళ్ళు విప్పింది.

"నష్టమా? నన్నడుగుతున్నావా? ఒంటికాలి మీద నిలబడి గదా నువ్వు ఇంతవాడివయ్యావు. నీకేం నష్టం, ఆ రెండోది కూడా దించెయ్యమని నేనంటే? ఆ గుమ్మం పొట్టిదనమే దాని అందం! నేను మహాశిల్పిని! కొండల అవతలినుంచి వచ్చి దానిముందు నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. ఒక్క వేలెడు పెంచు, నా కీర్తి మట్టిలో కలుస్తుంది. నేను మాత్రం కలవను, నీ గూటిముందు కూర్చుంటాను!"

జడ్జిగారు కదిలిపోయారు. "ఇంత గర్వం ఉన్నవారికి కీర్తి లేకుండా ఎలా ఉంటుంది?" అన్నారు. మూడు రోజులు నెమరేసి తీర్పు చెప్పారు. గుమ్మాన్ని వేలెడైనా మార్చకూడదు. దాన్నుంచి ఏదీ తియ్యకూడదు, దానికేదీ అతికించకూడదు. అధ్యక్షుడితో సహా సభ్యులందరూ ఆ గుమ్మంలోంచే సభకి రావాలి. పలకరాయి మీద కట్టినావిడ పేరు చెక్కించాలి.

మాణిక్యం ఎగిరి గంతేసింది. చిలుక తీర్పునంతా అక్కడికక్కడే కంఠస్థం చేసి అడివంతా వినిపించింది.

రాయుడు మాత్రం రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు కొంగ తీర్పు కాగితం పట్టుకుని వచ్చింది.

"అయ్యగారూ, మూడుసార్లు చదివాను. ఇందులో గుమ్మం గురించే ఉందండీ."

"ఆ ఏడుపే కదయ్యా!"

"గోడల గురించి లేదు. కప్పు గురించి లేదు."

రాయుడి తోక ఒకసారి కదిలింది. "అంటే?"

"మారిస్తే కీర్తికి భంగం. కూల్చేస్తే అక్కడ భంగపడ్డానికి ఏమీ ఉండదు కదండీ. వికారం చెయ్యడమే తప్పు, లేకుండా చెయ్యడం కాదు. అనుమానముంటే జడ్జిగారినే అడుగుదాం."

అడిగారు. జడ్జిగారు నెమరు ఆపి, "అంతే" అన్నారు. ఇంత తొందరగా ఆయన తేల్చిన సంగతి అదొక్కటే.

అడవిపందులను పిలిపించారు. ఒక్క పూటలో గోడలు పోయాయి, కప్పు పోయింది. గుమ్మానికి గీతైనా పడకుండా చుట్టూ ఎండుగడ్డి పరిచి, ఇద్దరిని కాపలా పెట్టి మరీ కూల్చారు. తీర్పును అంత భక్తిగా పాటించినవాళ్ళను ఆ అడవి అదివరకు చూడలేదు. తర్వాత పేరు కూడా చెక్కించారు, చక్కని అక్షరాల్లో.

సూదమ్మ వచ్చి చూసింది. గుట్ట వాలులో చదును చేసిన మట్టి. మధ్యలో గుమ్మం ఒక్కటే, అటు చూసినా ఆకాశం, ఇటు చూసినా ఆకాశం.

"మాణిక్యం, మనం గెలిచాం కదే?"

"గెలిచామత్తా."

"మరి గోడలేవీ?"



రాయుడు వానలకు ముందే రాతితో కొత్త సభ కట్టించాలని సంబరంగా పని మొదలుపెట్టించాడు. మొదటి గోడ గుమ్మం దాకా వచ్చింది. అక్కడ కొంగే ఆపింది.

"అతికించకూడదండీ. తీర్పులో ఉంది."

"అతికించకపోతే కాస్త సందు వదులు."

"సందులోంచి ఎవరన్నా వస్తే గుమ్మంలోంచి వచ్చినట్టు కాదండీ. కోర్టు ధిక్కారం."

"పోనీ ఆ మిట్ట మీద ఇంకోచోట కడదాం."

"సభ్యులు ఈ గుమ్మంలోంచి సభకి రావాలండీ. గుమ్మం ఇక్కడా సభ అక్కడా అయితే ఎలా కుదురుతుంది?"

"మరి ఏం చెయ్యమంటావయ్యా?"

"కట్టినావిడ ఒప్పుదల ఇస్తే అన్నీ చెయ్యొచ్చండీ," అంది కొంగ.

రాయుడు చాలాసేపు ఆ కొంగనే చూశాడు. ఆ చూపు చూసి మామూలు పక్షైతే ఎగిరిపోయేది.

ఈలోగా వాన మొదలైంది.

సభ తారీఖు తప్పదు. సభ్యులు వచ్చారు. గోడల్లేని గుమ్మం ముందు వరసగా నిలబడి, ఒక్కొక్కరే వంగి, అటునుంచి ఇటు వచ్చి, అదే వానలో మళ్ళీ నిలబడ్డారు. రాయుడి గడ్డం బురదలో ఈడ్చుకుపోయింది. నెమలీకలు కారుతూ ముక్కుకంటుకున్నాయి. తలెత్తితే పైన పలకరాయి మీద చక్కని అక్షరాల్లో సూదమ్మ పేరు. అంటే సభ జరిగినప్పుడల్లా అధ్యక్షుడు ఒక ముసలి ముళ్ళపంది పేరుకు సాష్టాంగపడి లోపలికి, అంటే బయటికే, రావాలన్నమాట.

చూసిపోదామని పక్కడవి అధ్యక్షుడు మళ్ళీ వచ్చాడు, సమయానికే.

"ఇదివరకు గదిలోకి పాకేవారు, ఇప్పుడు గాల్లోకి పాకుతున్నారా అన్నయ్యా? ఈ సూదమ్మ ఎవరు, మీ ఇలవేల్పా?"

పైగా ఏ తీర్మానమూ నెగ్గలేదు. కోరం లేదు. గోడల్లేని సభకు రామని బొరియలవాళ్ళు కబురంపారు. అసలు వాళ్ళకు రావడానికి తీరికెక్కడిది? వాగు అప్పుడే మొదటి బొరియల్లోకొచ్చింది. పిల్లలను నోట కరుచుకుని రాళ్ళ మీదికెక్కి, చెవుల మీద వాన పడుతుంటే, నలభై రోజులు ఎలా గడుస్తాయా అని కూర్చున్నారు. మాణిక్యం ఎనిమిదిమందినీ సూదమ్మ తన బొరియలోకి తెచ్చుకుంది. ఇంకో ఇద్దరికి చోటుంది. రాళ్ళ మీద వందమంది ఉన్నారు.

ఐదో రోజున రాయుడు తనంతట తనే సూదమ్మ బొరియ దగ్గరికొచ్చాడు. లోపల కుందేలు పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి వెనక్కి జరిగాయి. తలపాగా లేదు. తడిసిన చిరుత, చూడ్డానికి పెద్ద పిల్లిలా ఉన్నాడు.

"అమ్మా, ఓడిపోయాననుకో. గుమ్మం ఎంత పొట్టిగా కావాలంటే అంత పొట్టిగానే ఉండనీ. మునుపటి సభ మునుపున్నట్టే కట్టించుకుందాం. గోడ మందమెంత, కప్పు వాలెటు, చిల్లులెక్కడ? నువ్వు చెప్పు, పందులు కడతాయి. అది తెలిసినదానివి నువ్వొక్కదానివే."

మాణిక్యం సూదమ్మ మొహంలోకి చూసింది. సూదమ్మ నోరు తెరిచింది.

"నేను మహాశిల్పిని," అంది.

నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. "ఆ గుమ్మం పొట్టిదనమే దాని..." ఆగిపోయింది. ముందు కాళ్ళు చూసుకుంది. "ఏడాది పొడుగునా గుమ్మాన్నే పొగిడాను నాయనా. గోడలు నాలోంచి ఎప్పుడో జారిపోయాయి. మీరు కూల్చకముందే పోయినట్టున్నాయి."

"చిల్లులు పదకొండు అత్తా!" అంది మాణిక్యం.

"ఎక్కడెక్కడే?"

మాణిక్యం ఏడుపు గొంతుతో అంది, "నువ్వు ఎన్నని అడిగేదానివి. ఎక్కడని ఒక్కనాడూ అడగలేదు కదత్తా."

సూదమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"పదండి. కాళ్ళకేమన్నా తెలుసేమో అడుగుదాం."

గుట్ట వాలుకు వెళ్ళి, గుమ్మం పక్కన మట్టిని వాసన చూసి, తవ్వడం మొదలుపెట్టింది. మొదట నాలుగు పిడికిళ్ళు అటూ ఇటూ పోయాయి. తర్వాత తిన్నగా పోయాయి. ఆమె ఆలోచిస్తే ఆగిపోయేది, ఆలోచించకపోతే సాగేది. రాళ్ళ మీదివాళ్ళు ఒక్కొక్కరే దిగొచ్చి మట్టి మోశారు. రాయుడు నిలబడి చూస్తున్నాడు.

అప్పుడు కొంగ వానలో పరిగెత్తుకొచ్చింది.

"ఆపండి! ఆపండి! గుమ్మాన్ని ఆనుకుని ఏదీ కట్టకూడదు. కట్టినావిడ లిఖితపూర్వకమైన ఒప్పుదల కావాలి!"

"ఈవిడే కదయ్యా కట్టింది!" అన్నాడు రాయుడు.

"అలా మనమనుకుంటే చాలదండీ. ఒప్పుదల ఇమ్మని ఈవిడ అర్జీ పెట్టుకోవాలి. కట్టినావిడ హోదాలో ఆ అర్జీని ఈవిడే పరిశీలించాలి. తన పని వల్ల తన కీర్తికి భంగం లేదని జడ్జిగారి ముందు ప్రమాణం చెయ్యాలి. వానలు వెలిశాక తారీఖు ఇప్పిస్తాను. అప్పటిదాకా పిడికెడు మట్టి పడినా ధిక్కారం. ఇక్కడ నిలబడి చూసినవాళ్ళకి కూడా."

ఆ మాటతో రాయుడు రెండడుగులు వెనక్కి వేశాడు. పులికి భయపడనివాడు, పుస్తకానికి భయపడ్డాడు.

సూదమ్మ తవ్వడం ఆపి, పైకి చూసింది. వాన కళ్ళల్లో పడుతోంది.

"ఆ రాయి మీద ఏం రాసుంది నాయనా?"

"సూదమ్మ అని రాసుందండీ."

"ఎవరావిడ?"

కొంగ ఒకసారి రాయినీ, ఒకసారి ఆమెనూ చూసింది. "మీ... మీరే కదండీ!"

"నేనా? రాతి మీద పేరున్నావిడంటే గొప్పావిడై ఉంటుంది. నేను మట్టి తవ్వుకునే ముసలిదాన్ని. నాకు కీర్తి లేదని మీ జడ్జిగారే రాసుకున్నారుగా, చూసుకో. ఆవిడెక్కడుందో వెతికి, ఒప్పుదల తెచ్చుకో నాయనా. ఆవిడ వద్దంటే అప్పుడు ఆపుతాను." మళ్ళీ తవ్వడం మొదలుపెట్టి, తలెత్తకుండా అడిగింది. "చేపలు తిన్నావా?"

కొంగ ఎగరలేదు, నడవలేదు. ఆ రోజు మొదటిసారి రెండు కాళ్ళ మీదా నిలబడిపోయింది. తర్వాత కట్టినావిడకు నోటీసు పట్టుకుని ఆమె బొరియకు వెళ్ళింది. సూదమ్మగారు ఇంట్లో లేరని లోపలున్న కుందేలు పిల్లలు చెప్పాయి. మర్నాడూ అదే జవాబు. నోటీసు గోడకంటించి, అంటించినట్టు రాసుకుని, మూడో రోజు మళ్ళీ వెళ్ళింది. దారిలో రోజూ గుట్ట పక్కనుంచే పోయేది, తవ్వుతున్న ముసలిదాన్ని ఒక చూపు చూసి.

నాలుగో రోజున మట్టి మోస్తూ మోస్తూ మాణిక్యం ఆమె చెవి దగ్గరికొచ్చింది.

"అత్తా, ఆవేళ నిజంగానే మర్చిపోయావా, ఊరికే అన్నావా?"

"ఏవేళ?" అంది సూదమ్మ. "ఆ టేకాకులు ఇలా అందుకో. తడి కారుతోంది, ఇక్కడ పిల్లలు పడుకోవాలి."

మాణిక్యం ఆమె మొహం చాలాసేపు చూసింది. ఏమీ తేలలేదు. ఏడాదిపాటు లేని గర్వం నేర్పింది తనే. ఇంకా ఏమేం నేర్చుకుందో ఎవరికి తెలుసు?

వాగు గుట్ట కిందికొచ్చే నాటికి సగం కప్పు వెయ్యడం అయింది. ఆ సగం కింద నూటపదిమంది సర్దుకున్నారు. సభ రోజున అధ్యక్షుడు అందరికంటే ముందొచ్చాడు, గడ్డం నేలకు రాసుకుంటూ దూరాడు, లోపలి గోడవారన కూర్చుని, ఇంకా కప్పు వెయ్యని చోటు కాబట్టి, తడుస్తూ అధ్యక్షత వహించాడు.

నీతి: కట్టినవాళ్ళ కీర్తిని చట్టం కాపాడుతుంది, కప్పు మాత్రం వాళ్ళే మళ్ళీ వేసుకోవాలి.